కంప్యూటరు ప్రోగ్రామునకు కొత్త నేలమీద పరీక్ష

కృత్తివెన్ను వైపు సేద్యము చేసిన పెద్దలకు నేను చెప్ప బనిలేని సంగతి యొకటి కలదు. గుడివాడ నల్లనేలలో ఏపుగా పండిన వరి, సముద్రపుటంచున మన చవుటి మళ్లలో నాటినచో ఆకు కొసలు మాడి నిలిచిపోవచ్చును. విత్తనమున దోషము లేదు. ఈ నేలమీద దానిని వేసి చూచినవారు లేరు. చవుడునకు తాళు వంగడము కావలెనన్నచో చవుటి మడిలోనే నాటి చూడవలెను. బందరు వ్యవసాయ పరిశోధనా స్థానమువారు అట్టి వంగడములకై పాటుపడుట మీరెఱిగినదే.

నేటి ప్రసంగము కంప్యూటరు ప్రోగ్రాములను గూర్చినది. ప్రోగ్రామనగా యంత్రము చేయవలసిన పనిని వరుసగా వ్రాసియుంచిన ఆజ్ఞలు. ఆ యాజ్ఞలకును యంత్రమునకును నడుమ ఆపరేటింగు సిస్టమను వ్యవస్థ యుండును. మన చేతి ఫోనులలో పెక్కింట ఆండ్రాయిడు, కొన్నింట ఆపిలువారి ఐఓఎస్, కచేరీ బల్లలమీది కంప్యూటర్లలో తఱచు విండోస్, మావంటివారి యిండ్లలో లినక్స్. ప్రోగ్రామును విత్తనమనుకొన్నచో ఇవి నేలలు.

నేల మాఱినపుడు ఏమగునో మన తెలుగక్షరమే ఒకమాఱు లోకమునకు చూపినది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను నక్షరము, దీర్ఘమునకు ముందు కంటికగపడని చిహ్నమొకటి చేరిన రూపమున, ఐఫోనుకు సందేశముగా వచ్చినచో దానిని చూపబోయిన ప్రోగ్రాము కుప్పకూలెడిది. కొందఱికి వాట్సాపు తెఱచుటయే పొసగలేదు. ఆండ్రాయిడు ఫోనులలో ఆ యక్షరము నిక్షేపముగా కనబడెడిది. ఫిబ్రవరి 19వ తేదీన ఆపిలువారు 11.2.6 అను సవరణ వెలువరించి దోషమును తొలగించిరి. జ్ఞానమునకు మొదటి యక్షరమే యింతపని చేసెనని నవ్వుకొన్నవారిలో నేనొకడను. మా వంతు వచ్చినపుడు నవ్వు రాలేదు.

మేము కొందఱము కలిసి తెలుగు మాటలను అకారాదిగా పేర్చు చిన్న ప్రోగ్రామును వ్రాసితిమి. అది ఓపెన్ సోర్సు పద్ధతిలోనిది. అనగా దాని మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును. దూరదూరములనున్నవారు దిద్దుబాట్లు పంపుచుందురు గనుక, ప్రతి దిద్దుబాటునకు పరీక్షలు వాటంతటవే జరుగునట్లు ఏర్పాటు చేయుదురు. ఫలానా మాటలిచ్చినచో ఫలానా వరుస రావలెనని ముందే వ్రాసియుంచుదురు. యంత్రము పోల్చి చూచి, సరిపోయినచో పచ్చగుఱుతు, లేనిచో ఎఱ్ఱగుఱుతు పెట్టును. అక్షరములను తెరమీద కూర్చు హార్ఫ్‌బజ్ అను ప్రసిద్ధ ఓపెన్ సోర్సు సాధనపు పరీక్షలలో తెలుగునకు ప్రత్యేకభాగమే కలదు. ఆండ్రాయిడు, ఫైర్‌ఫాక్స్ దానినే వాడుచున్నవి.

మా పరీక్షలన్నియు లినక్స్ మీదనే జరిగెడివి, గుఱుతులన్నియు పచ్చనివే. పెడన నుండి ఒక ఉపాధ్యాయుడు, తాను చాల ఏండ్లు శ్రమించి కూర్చిన నేతపని మాటల పట్టికను మా ప్రోగ్రామునకిచ్చి విండోస్ మీద నడపెను. తెలుగునకు బదులు అర్థములేని గుఱుతుల గుంపు వచ్చినది. పైగా అది అసలు పట్టికమీదనే వ్రాయబడినది. ఆయనయొద్ద కాగితపు ప్రతి యుండుటచేత మాటలు దక్కినవి. తప్పు మాదే. పట్టికలోని అక్షరములు ఏ సంకేతపద్ధతిలోనున్నవో మేము ఆజ్ఞలలో చెప్పలేదు. లినక్స్ దానిని యూటీఎఫ్-8గా చదివెను. విండోస్ తన పాత యూరోపియను సంకేతములతో చదివెను.

అప్పుడు విండోస్‌ను పరీక్షలలో చేర్చితిమి. ఏ వ్యవస్థలమీద పరీక్ష జరుగవలెనో తెలుపు జాబితాలో ఒక మాట చేర్చుటయే పని. గిట్‌హబ్ సంస్థ బహిరంగ ప్రాజెక్టులకు లినక్స్, విండోస్, మాక్ యంత్రములను ఇందులకై ఉచితముగా ఇచ్చుచున్నది. చేర్చుటకు నిమిషము పట్టినది. పచ్చబడుటకు మూడు వారములు. సంకేతము దిద్దగా పంక్తుల తగవు బయటపడెను: విండోస్ పంక్తి చివర రెండు గుఱుతులుంచును, లినక్స్ ఒకటియే. పిమ్మట ఫైళ్ల పేర్లు. పెద్ద ఆంగ్లాక్షరమునకును చిన్నదానికిని లినక్స్ భేదము పాటించును, విండోస్ సాధారణముగా పాటింపదు.

ఎఱ్ఱబడిన పరీక్షలను విండోస్ మీద దాటవేయుదమని మాలో నొకరనిరి. నేనొప్పుకొనలేదు, కుంట చవుడైనదని కొలత పుస్తకమునుండి కొట్టివేయుదుమా? విండోస్ ఎఱ్ఱగానున్నను తక్కిన పని ఆగకుండ, ఆ గుఱుతు మాత్రము అందఱికి కనబడుచుండునట్లు కొన్నాళ్లుంచితిమి. అన్నియు పచ్చబడిన పిదప దానిని తప్పనిసరి చేసితిమి. ఉపాధ్యాయుని పట్టికను, ఆయన యనుమతితో, పరీక్షలలో నొకటిగా చేర్చితిమి.

ఇటీవల ఒకరు ఫ్రీబీఎస్‌డీ అను మఱియొక వ్యవస్థను చేర్చుమని కోరిరి. మాలో నెవరికిని ఆ యంత్రము లేదు. ఎఱ్ఱబడినపుడు చూచుకొనుటకు వారే పూచీపడినచో చేర్చెదమని జాబు వ్రాసితిని.