నగకు చేను నమూనా, చెప్పుకు ముల్లు గురువు
చేసిన చేతికి మాత్రం పేరు లేదు

పత్తి తూకం వేసి డబ్బు చేతికొచ్చినా, మిరపకాయ గుంటూరు యార్డులో మంచి ధర పలికినా ఈ ప్రాంతపు రైతు ఇంట్లో మొదట వచ్చే మాట బంగారం. అప్పులు తీరగా నాలుగు రూపాయలు మిగిలితే ఆడపిల్లకు గొలుసు. మిగలకపోతే ఉన్న గొలుసే తాకట్టుకు పోతుంది. నగ కొనేటప్పుడు అందరూ తూకం అడుగుతారు, తరుగు అడుగుతారు, మజూరీ దగ్గర గంటసేపు బేరమాడతారు. ఈ నగ రూపం ఎవరి ఊహలో పుట్టిందని మాత్రం ఎవరూ అడగరు. కాలికి వేసుకునే చెప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు.

పెద్ద పట్టణాల్లో, విదేశాల్లో ఈ ప్రశ్నకే విలువ. ఖరీదైన చెప్పులకూ నగలకూ రూపం ఊహించే వారిని డిజైనర్లు అంటారు. వారి పేరు మీదే సరుకు అమ్ముడవుతుంది. మీకు ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందని పత్రికలవారు వెంటపడి అడుగుతారు. అదే ప్రశ్నకు మన ఊరి కుంపటి దగ్గర, చెప్పులు కుట్టే చెట్టు కింద జవాబు వెతికితే చిత్రంగా అది చేలో దొరుకుతుంది.

చేనే బొమ్మల పుస్తకం

మన ఆడవారి నగల పేర్లు ఒకసారి వరసగా చెప్పుకుంటే విషయం తేలిపోతుంది. మామిడి పిందెల హారం. గోధుమ గొలుసు. మొగ్గల హారం. జడకు చేమంతి బిళ్ల. చెవికి బుట్టలు. పాపిటకు ఒక పక్క సూర్యుడు, మరో పక్క చంద్రవంక. జడ మొదట పడగ విప్పిన నాగరం. చేతికి సింహతలాటం మురుగు. తోటలో పిందె, కళ్లంలో గింజ, ఇంట్లో బుట్ట, గట్టు మీద పాము, తల ఎత్తితే ఆకాశం. సింహం ఒక్కటే గుడి గోపురం మీద నుంచి దిగి వచ్చింది. మిగిలినవన్నీ రోజూ కంటపడేవే. స్వర్ణకారునికి బొమ్మల పుస్తకం అవసరం లేకపోయింది.

చూసినంత మాత్రాన నగ కాదు. గుండ్లపేరులో ఒక్క గుండు చేయాలంటే పలుచని రేకును అచ్చులో కొట్టి రెండు చిప్పలు చేయాలి. ఆ రెంటినీ అతుకు కనపడకుండా అతకాలి. కమ్మచ్చు బెజ్జాల్లోంచి తీగను ఒక్కొక్క బెజ్జం సన్నగా లాగుతూ పోవాలి. ఊదుగొట్టంతో మంట మీదికి ఊదేటప్పుడు ఊపిరి కాస్త ఎక్కువైతే రేకు కరుగుతుంది, తక్కువైతే అతుకు పట్టదు. గురివింద గింజ ఎత్తు బంగారానికి లెక్క చెప్పుకోవలసిన పని ఇది. పిందె వంపు ఎక్కడ ఆగాలో, రాయి ఎక్కడ కూర్చోవాలో కాగితం మీద గీసి ఇచ్చేవారు ఉండరు. కన్ను, చెయ్యి కలిసి తేల్చుకోవాలి. డిజైనరు అనే మాట మన ఊళ్లకు రాకముందే ఆ పని ఇక్కడ జరుగుతోంది.

భట్టిప్రోలులో బంగారు పూలు

ఎంత ముందు నుంచో చెప్పడానికి సాక్ష్యం మన నేలలోనే దొరికింది. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వించాడు. 2022 వరకు గుంటూరు జిల్లాలో ఉన్న ఈ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. లోపల రాతి పేటికలు, వాటిలో ధాతువులతో పాటు పూసలు, ముత్యాలు, బంగారంతో చేసిన చిన్న చిన్న పూలు బయటపడ్డాయి. పేటికల మీది లిపి క్రీస్తుకు పూర్వం నాటిది. అంటే రెండు వేల ఏళ్లకు ముందే ఇక్కడ ఎవరో స్వర్ణకారుడు పువ్వును చూసి బంగారంలో పువ్వు చేశాడు.

అమెరికాలో న్యూయార్కు నగరంలోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక జత బంగారు చెవిపోగులు ఉన్నాయి. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దం నాటివని, ఆంధ్ర ప్రాంతంలో చేసినవై ఉండవచ్చని అక్కడి నిపుణులు నిర్ణయించారు. తీగ నుంచి విచ్చుకున్న మొగ్గల మాదిరి వాటి ఆకారం. ఒక మొగ్గ మీద ఏనుగు, మరో మొగ్గ మీద రెక్కల సింహం. ఒళ్లంతా ఆవగింజ కన్నా చిన్న బంగారు రవ్వలు అతికి ఉంటాయి. చెవి తమ్మె సాగి భుజాన ఆనేంత బరువు. అమరావతి శిల్పాల్లో స్త్రీలకు కనిపించే పెద్ద చెవి నగలు, చేతి నిండా గాజులు, బరువైన కడియాలు శిల్పి కల్పన కాదని ఇలాంటి వస్తువులు చెబుతాయి.

కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల వజ్రాల కథ అందరికీ తెలిసిందే. పదిహేడో శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు ఆ గనులను చూసి రాశాడు. వాషింగ్టన్‌లో ఉన్న నీలి రంగు హోప్ వజ్రం అక్కడిదేనని పండితులు భావిస్తారు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. రాళ్లే కాదు, ఆలోచనలు కూడా మన దేశం నుంచి వెళ్లాయి. పారిస్‌లో పేరుమోసిన కార్టియే నగల కంపెనీ వారిలో ఒకడైన జాక్ కార్టియే 1911లో ఢిల్లీ దర్బారు సమయానికి ఇండియా వచ్చాడు. ఆకుల్లా, పూలలా, పండ్లలా చెక్కిన కెంపులు, పచ్చలు మన దేశంలో చూసి ఆ కంపెనీ వారు వాటితో కొత్త రకం నగలు చేయించారు. అవి నేటికీ వేలంలో కోట్లు పలుకుతాయి. కంపెనీ పేరు లోకానికి తెలుసు. ఆ రాళ్లను ఆకుల్లా చెక్కిన మన దేశపు చేతుల పేర్లు తెలియవు.

ముల్లు నేర్పిన పని

నగకు పువ్వు నమూనా అయితే, చెప్పుకు ముల్లు గురువు. నల్లరేగడి చేలో తుమ్మముల్లు, పల్లేరుకాయ తప్పించుకుని నడవడం ఎవరి వల్లా కాదు. అందుకే కిర్రుచెప్పుకు అంత మందమైన అట్ట. పచ్చి తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుక తీసి, తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ రసంలో రోజుల తరబడి ఊరబెట్టి పదును చేసేవారు. పొర మీద పొర వేసి ఆరెతో పొడిచి కుట్టేవారు. ఆ పొరలు అడుగడుక్కీ ఒరుసుకుని కిర్రుమనేవి. చీకట్లో గట్టు మీద ఎవరు వస్తున్నారో చప్పుడును బట్టి చెప్పేవారట. కొత్త చెప్పు కరవకుండా ఆముదం పట్టించేవారు. పెళ్లికొడుక్కి చేసే జతకు వేలి దగ్గర పువ్వు కుట్టు, పట్టీ మీద చిత్రపు పని అదనం.

చెప్పులు కుట్టే చేతులే మోటకు తోలు తొండం కుట్టాయి, ఎడ్లకు పట్టెడలు చేశాయి. కూలి ఏడాదికోసారి కళ్లం దగ్గర ఇచ్చే గింజలు. ఊరందరి కాళ్లకూ ముల్లు గుచ్చుకోకుండా కాచినవాడు మాత్రం పెద్ద వీధుల్లోకి వచ్చినప్పుడు తన చెప్పులు విప్పి చేత పట్టుకోవలసిన రోజులు ఉన్నాయి. ఆ అవమానం ఊళ్లో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. వినుకొండ బిడ్డ గుర్రం జాషువ 1941లో తెచ్చిన ‘గబ్బిలం’ కావ్యంలో కథానాయకుడు రాజు కాదు, చెప్పులు కుట్టి బతికే అరుంధతీసుతుడు.

ఇటలీలోనూ అదే చిన్నచూపు

చెప్పులు కుట్టే పనిని తక్కువ చేసి చూడటం మన దగ్గరే లేదు. 1898లో ఇటలీలో బోనిటో అనే పల్లెలో పుట్టిన సాల్వతోరె ఫెర్రగామో పేద రైతు బిడ్డ. పద్నాలుగు మంది సంతానంలో పదకొండోవాడు. చెప్పుల పని నేర్చుకుంటానంటే అది తక్కువ పని అని ఇంట్లో ఒప్పుకోలేదు. చర్చిలో వేడుకకు చెల్లెలికి తెల్ల బూట్లు కొనే స్తోమతు ఆ ఇంటికి లేదు. తొమ్మిదేళ్ల సాల్వతోరె రాత్రికి రాత్రి ఒక జత కుట్టి ఇచ్చాడు. ఇంట్లోవారు ఇక కాదనలేదు.

తరువాత అమెరికా వెళ్లి సినిమా తారలకు చెప్పులు చేశాడు. పాదం ఎముకలు ఎలా ఉంటాయో తెలుసుకోవడానికి శరీర శాస్త్రం చదివాడు. 1930ల్లో ఇటలీలో మంచి ఉక్కు దొరక్క మడమలు నిలవకపోతే, సీసా బిరడాలకు వాడే బెండు చెక్కతో మడమ చేశాడు. తోలు కరువైన రోజుల్లో మిఠాయిలకు చుట్టే మెరుపు కాగితాన్ని పట్టీలుగా మలిచాడు. 1947లో సన్నని నైలాన్ దారాలతో కంటికి కనపడని పట్టీల చెప్పు చేస్తే అమెరికాలో బహుమతి ఇచ్చారు. ఆయన ఆలోచనల్లో చాలా భాగం లేమి నుంచి పుట్టినవే. మన కిర్రుచెప్పూ అవసరం నుంచి పుట్టిందే. తేడా ఒక్కటే. ఆయన చెప్పు మీద ఆయన పేరు ఉంది.

రాతి మీద విధికుడు

మన గడ్డ మీద చెప్పుల పనివానికి పేరు ఎన్నడూ లేదనుకుంటే పొరపాటు. అమరావతి స్తూపానికి దానాలు ఇచ్చినవారి పేర్లు రాళ్ల మీద చెక్కి ఉన్నాయి. వారిలో వర్తకులు, గృహస్థులు, భిక్షుణులు ఉన్నారు. ఒక శాసనంలో దాత పేరు విధికుడు. వృత్తి చర్మకారం. తండ్రి పేరు నాగుడు, ఆయన ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, సోదరులు, కొడుకు, కుమార్తెలతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని దానం చేశానని విధికుడు రాయించుకున్నాడు. వృత్తి చెప్పుకోవడానికి అతను సిగ్గుపడలేదు. రాయవద్దని స్తూపం పెద్దలు అడ్డుపడనూ లేదు. అమరావతి శిల్పాల్లో మనుషులకు ఒంటి నిండా నగలు కనిపిస్తాయి, కాళ్లకు చెప్పులు అరుదు. అయినా చర్మకారుని పేరు సుమారు రెండు వేల ఏళ్లు నిలిచింది.

ఆరిపోతున్న కుంపట్లు

అటువంటి చోట ఇప్పుడు రెండు వృత్తులూ చిక్కిపోయాయి. స్వర్ణకారులకు మొదటి దెబ్బ 1963 జనవరిలో తగిలింది. చైనా యుద్ధం తరువాత కేంద్ర ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ తెచ్చిన బంగారం నియంత్రణ నిబంధనల ప్రకారం 14 క్యారెట్లకు మించిన నగ చేయరాదు. మన ఆడవారు ఆ బంగారాన్ని నగగా ఒప్పుకోలేదు. దేశమంతటా కుంపట్లు ఆరాయి, ఆత్మహత్యలు జరిగాయి. 1966లో ఆ 14 క్యారెట్ల నిబంధన సడలించారు. 1968లో వచ్చిన చట్టం 1990 దాకా ఉంది. ఆ తరువాత యంత్రాల మీద పోతపోసిన నగలు, అద్దాల షాపులు వచ్చాయి. మామిడి పిందె ఇప్పుడు కంప్యూటరులో పుట్టి వందల సంఖ్యలో అచ్చవుతోంది.

2021 జూన్ నుంచి దశలవారీగా హాల్‌మార్కు తప్పనిసరి చేశారు. కొనేవారికి ఇది మంచి రక్షణ. నగ మీద ఉండే ఆరు అక్షరాల అంకెల గుర్తును సెల్‌ఫోనులో కొడితే స్వచ్ఛత ఎంతో, హాల్‌మార్కు వేయించిన వ్యాపారి ఎవరో తెలుస్తుంది. చేసిన మనిషి ఎవరో తెలియదు. చెప్పుల పనిని రబ్బరు, ప్లాస్టిక్ మింగేశాయి. మోటల స్థానంలో మోటార్లు వచ్చి తొండం పని పోయింది.

కొల్హాపూరు పాఠం

2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్‌లో ప్రాడా అనే ఖరీదైన కంపెనీ తన ప్రదర్శనలో అచ్చం కొల్హాపూరు చెప్పుల్లాంటివి చూపించింది. అవి ఎక్కడివో చెప్పలేదు. మహారాష్ట్ర పనివారు అభ్యంతరం చెప్పారు. కొల్హాపూరు చెప్పుకు 2019లోనే భౌగోళిక గుర్తింపు ఉన్నందున వారి మాటకు బలం వచ్చింది. భారతదేశపు చేతిపని చెప్పులే తమకు స్ఫూర్తి అని కంపెనీ ఒప్పుకోక తప్పలేదు. ఆ డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వ చర్మ సంస్థలతో ఒప్పందానికి కూడా వచ్చింది.

గుంటూరు సన్న మిరపకు, మంగళగిరి నేతకు అటువంటి గుర్తింపు సాధించుకున్న ప్రాంతం మనది. కిర్రుచెప్పుకూ, చేతిపని నగకూ అడగదగిందే. అడగాలంటే ముందు ఆ పని తెలిసినవారు ఏ ఊళ్లో ఎందరు మిగిలారో లెక్క రాయాలి. పని తెలిసిన చేతులు వృద్ధాప్యంలో ఉన్నాయి కనుక ఆ లెక్క త్వరగా జరగాలి.

ఈలోగా వాడుకోదగిన దారి ఒకటి ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో స్వర్ణకారం, చర్మకారం రెండూ ఉన్నాయి. పేరు నమోదైతే ధ్రువపత్రం, గుర్తింపు కార్డు ఇస్తారు. శిక్షణలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేల రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షల రుణం పథకంలోని అంశాలు. కుటుంబానికి ఒకరే అర్హులు. మొదటి పరిశీలన గ్రామ పంచాయతీ దగ్గరే జరుగుతుంది కనుక సర్పంచులు శ్రద్ధ తీసుకుంటే పని తెలిసినవారెవరూ మిగిలిపోరు.

విధికుడు తన పేరు రాతి మీద రాయించుకోగలిగాడు. మన ఊరి పనివాని పేరు కనీసం పంచాయతీ పుస్తకంలోనైనా ఎక్కాలి. నగ చేయించుకునేటప్పుడు తూకంతో పాటు చేసినవారి పేరు కూడా చీటీ మీద రాయించుకుంటే, రేపు మనవరాలు ఆ నగ పెట్టుకున్నప్పుడు ఇది ఎవరు చేశారో చెప్పడానికి ఉంటుంది.