పట్టు విడుపులు తెలిసిన మాంసకృత్తు

మనము పీల్చెడి ప్రాణవాయువు రక్తములో కలసి కండరములకు, మెదడునకు పోవుచున్నదని ఎల్లరు ఎఱిగినదే. అయితే దానిని మోసికొనిపోవు హీమోగ్లోబిన్ అను మాంసకృత్తునకు ఒక చిక్కు గలదు. ఊపిరితిత్తులలో అది ప్రాణవాయువును గట్టిగా పట్టుకొనవలెను. కండరమును చేరగానే విడిచిపెట్టవలెను. గట్టిగా పట్టునది సులభముగా విడువదు గదా! పట్టును, విడుపును ఒకే వస్తువునందు ఎట్లు కుదిరినవి?

ఒక హీమోగ్లోబిన్ అణువులో నాలుగు భాగములున్నవి. ఒక్కొక్క భాగమున ఒక ఇనుప పరమాణువు, దానిని ఆనుకొని ఒక ప్రాణవాయువు అణువునకు చోటు. 1904లో కోపెన్‌హాగన్ నగరమున క్రిస్టియన్ బోర్ తన సహచరులతో కూడి కొలతలు తీసెను. (పరమాణు శాస్త్రజ్ఞుడు నీల్స్ బోర్ ఈయన కుమారుడే.) ప్రాణవాయువు పీడనము పెరిగిన కొలది ఎన్ని చోట్లు నిండునో గీత గీచి చూడగా, అది ఇంగ్లీషు ఎస్ అక్షరమువలె మెలిక తిరిగినది. అనగా మొదటి అణువు చేరుటయే కష్టము. అది చేరిన పిదప తక్కినవి సులభముగా చేరును. విడుచునపుడును అంతే. దీనినే సహకార బంధనమందురు.

ఇందలి లాభము అంకెలలో తెలియును. ఊపిరితిత్తులలో పీడనము సుమారు 100 మిల్లీమీటర్లు. అచట నూటికి 97 చోట్లు నిండును. విశ్రాంతిగా నున్న అవయవములలో పీడనము 40. అచట ఇంకను 75 చోట్లు నిండియే యుండును. పరుగెత్తువాని కండరములో అది 20కి దిగినచో సుమారు 35 చోట్లే మిగులును. అవసరము ముదిరిన చోటనే సరుకు ధారాళముగా దిగుచున్నదన్న మాట. కండరములోని మయోగ్లోబిన్‌కు ఒకే చోటు గలదు; అది 20 మిల్లీమీటర్ల వద్దను నూటికి 85కు పైగా నిండియే యుండును. నిలువ చేయుటకు అది మంచిదే కాని, మోతకు పనికిరాదు.

ఒక చోటు నిండినట్లు రెండవ చోటునకు ఎట్లు తెలియును? 1938లో ప్రేగ్ నగరమున ఫీలిక్స్ హౌరోవిట్జ్ ప్రాణవాయువు లేని హీమోగ్లోబిన్ స్ఫటికములను సూక్ష్మదర్శినిలో చూచుచుండగా, గాలి సోకి వాని రంగే గాక రూపమును మారినది. అణువే ఆకారము మార్చుకొనుచున్నదని దీని భావము. 1937లో కేంబ్రిడ్జిలో ఈ పరిశోధన నారంభించిన మాక్స్ పెరుట్జ్ 1970 నాటికి వివరము చెప్పగలిగెను, ఎంత ఓపిక! ప్రాణవాయువు చేరగానే ఇనుప పరమాణువు రవ్వంత జరుగును. ఆ జరుగుట పక్కనున్న గొలుసును లాగును, భాగముల నడుమ ముడులు తెగును, అణువులో సగము తక్కిన సగముపై సుమారు 15 డిగ్రీలు తిరుగును. బిగువుగా నున్న అణువు సడలి, మిగిలిన చోట్లు ప్రాణవాయువును సులభముగా అందుకొనును.

ఈ సహకారమే ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకము. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించువారిని చంపునది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. అది ప్రాణవాయువు కూర్చుండవలసిన చోటనే, 200 రెట్లకు మించిన బలముతో అతుకుకొనును. అంతటితో పోదు, అణువును సడలిన రూపమునందే నిలిపివేయుటచే మిగిలిన చోట్లలోని ప్రాణవాయువు కండరములలోను, మెదడులోను దిగిరాదు. పాండురోగముచే రక్తవర్ణకము సగమైనవాడు మెల్లగా ఇంటిపనులు చేసికొనగలడు. ఈ విషవాయువుచే సగము చోట్లు పోయినవాడు స్పృహ తప్పి పడిపోవును. ఇట్టివానిని వెంటనే ఆరుబయటికి చేర్చి వైద్యశాలకు కొనిపోవలెను. మామూలు గాలిలో ఆ విషము సగము తగ్గుటకు నాలుగైదు గంటలు పట్టును. శుద్ధ ప్రాణవాయువు నిచ్చినచో గంట, గంటన్నర చాలును.