అవ్వకు వినబడని గిటార్

మన గోడపత్రికలో కవితలు, కథలు, పుస్తక పరిచయాలు వస్తుంటాయి. ఈసారి గిటార్ యాంప్లిఫయర్ గురించి రాస్తానంటే మేడం ఒకే షరతు పెట్టారు: మెటల్ సంగీతం వినని వాళ్లకు కూడా అర్థం కావాలి. మా ఇంట్లో అమ్మది కన్నడ, నాన్నదీ అవ్వదీ తెలుగు. ఈ సంగతులన్నీ నేను ఇంగ్లీషులో చదివాను, ఫ్రెండ్స్‌తో కన్నడలో వాదించాను, అవ్వకు మాత్రం తెలుగులో చెప్పాను. కాబట్టి అవ్వకు చెప్పినట్టే మీకూ చెప్తా.

ముందు నా పరువు పోయిన కథ. పోయిన ఏడాది ఒక పోటీలో మా నలుగురమ్మాయిల బ్యాండ్ వాయించింది. నాది లీడ్ గిటార్. అక్కడి యాంప్‌లో గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పాను. బేస్, ట్రెబుల్ పెంచి, మిడ్ సున్నాకి దించాను. ఇంట్లో ఒక్కదాన్నే వాయించుకునేటప్పుడు అలా పెడితే బ్రహ్మాండంగా ఉండేది. స్టేజీ మీద డ్రమ్స్, బేస్ గిటార్ మొదలయ్యేసరికి నా సోలో ఎటు పోయిందో తెలీదు. రెండో వరసలో కూర్చున్న అవ్వ బయటికొచ్చాక, "నీ చేతులు ఆడతా ఉండాయి గానీ పాట వినపళ్లేదు కదమ్మా" అంది.

అప్పటినుంచీ ట్యూషన్లు చెప్పి డబ్బు దాస్తున్నా, సొంతంగా ఒక ట్యూబ్ యాంప్ కొనాలని. ఒక్కసారే కొనగలను. తప్పుగా ఎంచుకుంటే మళ్లీ కొనే స్తోమత లేదు.

ట్యూబ్ అంటే అవ్వకు వెంటనే అర్థమైంది. చిన్నప్పుడు వాళ్లింట్లో వాల్వు రేడియో ఉండేదట, వేసిన కాసేపటికి గానీ పలికేది కాదట. ఇదీ అదే. గాలి తీసేసిన గాజు గొట్టంలో ఒకపక్క వేడెక్కే లోహం, ఇంకోపక్క ప్లేటు, మధ్యలో జల్లెడలాంటి గ్రిడ్. వేడికి ఎలక్ట్రాన్లు ప్లేటు వైపు పోతాయి. గ్రిడ్ మీద చిన్న వోల్టేజీ ఆ పెద్ద ప్రవాహాన్ని తగ్గిస్తుంది, పెంచుతుంది. చెరువు తూము దగ్గర ఒక మనిషి చెయ్యి అన్ని నీళ్లను అదుపు చేసినట్టు. ఈ గ్రిడ్‌ను 1906లో లీ డి ఫారెస్ట్ అనే అమెరికన్ చేర్చాడు. 1947లో ట్రాన్సిస్టర్ పుట్టాక రేడియోల్లోంచి ట్యూబులు మెల్లగా వెళ్లిపోయాయి. గిటార్ యాంపుల్లో మాత్రం ఉండిపోయాయి.

ఎందుకంటే గిటార్ వాయించేవాళ్లకు కావలసింది ట్యూబ్ చేసే తప్పే. మోయలేనంత పెద్ద సంకేతం వస్తే ట్యూబ్ ఆ అల శిఖరాన్ని కోసేస్తుంది. అలా కోసినచోట కొత్త అనుస్వరాలు పుడతాయి, అదే ఆ గరగర. తీగ కదలిక తగ్గుతున్నా, కోసిన శిఖరం చాలాసేపు అదే ఎత్తులో ఉంటుంది. అందుకే స్వరం ఆరిపోకుండా నిలుస్తుంది. ప్రీయాంప్‌లో 12ఏఎక్స్7 అనే చిన్న ట్యూబులు వరుసగా ఉంటాయి. ఒకటి పెంచినదాన్ని తర్వాతది ఇంకా పెంచుతుంది. ఈ దశలు ఎక్కువైతే హై గెయిన్ అంటారు. స్పీకర్‌ను నడిపేవి వాటి తర్వాత వచ్చే పెద్ద ట్యూబులు.

ఇప్పుడు అసలు చిక్కు. మెటల్ రిథమ్‌కు, లీడ్‌కు కావలసినవి వేరు. రిథమ్‌లో కుడిచేతి అంచును తీగల మీద ఆనించి కొడతాం. ప్రతి దెబ్బా మృదంగం దెబ్బలా పడి వెంటనే ఆగాలి. లీడ్ నాదస్వరంలా సాగాలి. మాండొలిన్ స్వరం తొందరగా ఆరిపోతుంది కదా, పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద పలికించారు. ఆయన వాడింది మా గరగర కాదు గానీ, స్వరం నిలవాలనే అవసరం మాత్రం ఒకటే.

నేను చదివి, విని, గంట లెక్కన అద్దెకిచ్చే జామ్ రూముల్లో కొన్నిటిని వాయించి చూసి తెలుసుకున్న యాంపులివి.

మార్షల్ జేసీఎం 800 ఆ పేరుతో 1981లో వచ్చింది. 2203 అనే మోడల్‌లో మూడు ప్రీయాంప్ ట్యూబులు, ఒకటే ఛానల్. మిడ్ బాగా ముందుకొస్తుంది, సోలో డ్రమ్స్‌ను చీల్చుకుని వినబడుతుంది. కానీ ఈనాటి మెటల్‌కు దాని గెయిన్ ఒక్కటే చాలదు, ముందు ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్ పెడతారు.

పీవీ 5150 ఎడ్డీ వాన్ హేలెన్‌తో కలిసి చేసింది, 1992లో వచ్చింది. ఇప్పుడు 6505 అనే పేరుతో ఉంది. ఐదు ప్రీయాంప్ ట్యూబులు. గెయిన్‌కు కొదవలేదు, దెబ్బ గట్టిగా, బిగువుగా పడుతుంది. అయితే మొదటి 5150లో రిథమ్‌కూ లీడ్‌కూ కలిపి ఒకే బేస్, మిడ్, ట్రెబుల్ నాబులు. పాట మధ్యలో మారేవాళ్లకు అది ఇబ్బంది.

మేసా బూగీ డ్యూయల్ రెక్టిఫయర్ 1990ల మొదట్లోది. ఏసీని డీసీగా మార్చే పనిని డయోడ్లతో చేయించాలా, ట్యూబులతోనా అన్నది మనమే ఎంచుకోవచ్చు. డయోడ్లతో దెబ్బ చురుగ్గా ఉంటుంది. ట్యూబులతో గట్టిగా కొట్టినప్పుడు వోల్టేజీ కాస్త కుంగి స్వరం మెత్తబడుతుంది. కింది స్వరాలు లావుగా ఉంటాయి, వేగంగా వాయిస్తే కలిసిపోతాయి.

అదే కంపెనీ మార్క్ సిరీస్ నాకు అసలు పాఠం నేర్పింది. 2011లో మన బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించిన మెటాలికా, 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' రికార్డులో మార్క్ టూ సీ ప్లస్ వాడింది. ఇందులో బేస్, ట్రెబుల్ నాబులు గెయిన్ దశలకు ముందే ఉంటాయి. గెయిన్‌కు ముందు బేస్ తగ్గించాలి, కోత అయిపోయాక చివర్లో ఉన్న ఐదు మీటల ఈక్వలైజర్‌తో మళ్లీ చేర్చుకోవాలి. ముందు చేరిన బేస్ బురద, తర్వాత చేరిన బేస్ బరువు. ఐబనేజ్ ట్యూబ్ స్క్రీమర్ లాంటి పెడల్‌ను డ్రైవ్ తక్కువ, లెవెల్ ఎక్కువ పెట్టి యాంప్ ముందు వాడేదీ ఇందుకే. అది బేస్ తగ్గించి మిడ్ పెంచి లోపలికి పంపుతుంది. పోయిన ఏడాది నేను చేసింది సరిగ్గా దీనికి తలకిందులు.

ఇక వాట్లు. శబ్దం మన చెవికి రెట్టింపు అనిపించాలంటే వాట్లు దాదాపు పది రెట్లు కావాలి. అంటే వంద వాట్ల యాంప్ పది వాట్లదానికి రెట్టింపే, యాభై వాట్లదానికంటే కొంచెమే ఎక్కువ. మా వీధిలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. వందవాట్లది ఒకటి మీద కూడా పెట్టలేను. జేసీఎం 800కు ఇప్పుడు ఇరవై వాట్ల చిన్న రూపం ఉంది, స్విచ్చి వేస్తే ఐదు వాట్లకు దిగుతుంది.

పాతది కొనేవాళ్లు మూడు చూసుకోండి. అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల యాంప్‌ను మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ యాంప్ ఆన్ చేయకూడదు, ఓమ్‌లు కూడా కలవాలి, లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది. మూత విప్పకండి, లోపల నాలుగు వందల వోల్టుల పైన ఉండొచ్చు, ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్లలో మిగిలి ఉంటుంది.

ఎలా ఎంచుకోవాలంటే, కొట్లో ఒంటరిగా వాయించి ఎంచుకోకండి. మీ గిటార్ తీసుకెళ్లండి, గెయిన్ సగానికి, మిడ్ సగం పైకి పెట్టండి. డ్రమ్స్ వాయిస్తుండగా వాయించి, ఇంకొకరిని గది చివర నిలబెట్టండి. రిథమ్ ఎక్కువ వాయించేవాళ్లకు 5150 బాగుంటుంది. మా బ్యాండ్‌లో రిథమ్ ఇంకో అమ్మాయిది, నాది లీడ్. అందుకని నేను ఇరవై వాట్ల జేసీఎం 800నే ఖాయం చేసుకున్నా, ముందు ఒక పెడల్‌తో. ఇంకో నాలుగు నెలల ట్యూషన్ ఫీజులు కావాలి.

పోయిన ఆదివారం ఆఖరి పరీక్షకు అవ్వను జామ్ రూముకు తీసుకెళ్లాం. చెవుల్లో దూది పెట్టుకుని తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. డ్రమ్స్, బేస్, రిథమ్ అన్నీ ఉండగా నా సోలో వాయించాను. అయ్యాక దూది తీసి అంది: "ఇప్పుడు వినపడింది. మూడోసారి తప్పు వాయించినావు, అది కూడా వినపడింది."