గూడబాతు చిక్కాలంటే ఫోను చాలునా?

సూళ్లూరుపేట: శీతాకాలం వచ్చిందంటే నేలపట్టుకు రెండు రకాల వలస మొదలవుతుంది. ఒకటి రెక్కలది. రెండోది కెమెరాలది. ఆదివారం పొద్దున్నే దొరవారిసత్రం మీదుగా చెరువు గట్టుకు చేరేవారిలో మూరెడు లెన్సు మెడలో వేలాడేసుకున్నవారు ఒకరుంటే, జేబులోంచి ఫోను తీసేవారు పదిమంది. నీళ్లలో నిలిచిన చెట్ల కొమ్మల మీద గూడబాతులు పిల్లలకు మేత పెడుతుంటాయి. అందరూ గురిపెట్టేది వాటికే. ఇంటికి వెళ్లి చూసుకుంటే మాత్రం ఒకరికి పక్షి కంట్లో మెరుపు కనిపిస్తుంది. మరొకరికి పచ్చటి చెట్టు మీద తెల్లటి చుక్క కనిపిస్తుంది.

మరి వేలు, లక్షలు పోసి కెమెరా కొనాల్సిందేనా? చేతిలో ఉన్న ఫోను చాలదా? ఫొటోల మీద మోజు పుట్టిన కుర్రవాడున్న ప్రతి ఇంట్లోనూ ఈ వాదన నడుస్తూనే ఉంటుంది. 'ఇరవై వేలు పెట్టి కొన్న ఫోనులో కెమెరా లేదా' అని తండ్రి, 'దాంతో పక్షులు పడవు నాన్నా' అని కొడుకు. ఇద్దరి మాటల్లోనూ సగం నిజం ఉంది.

పన్నెండు బొమ్మల కాలం

ఆ తండ్రి తరం వారు కెమెరా పట్టిన రోజులు వేరు. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-3 డబ్బా కెమెరాలో ఒక రీలు వేస్తే వచ్చేది పన్నెండు బొమ్మలు. అందులో రెండు చెయ్యి కదిలి పోతే, ఒకటి వెలుతురు తగిలి పోయేది. మిగిలినవే లాభం. స్టూడియోవారు కడిగి ఇచ్చేదాకా ఏం పడిందో తెలియదు. అందుకే మీట నొక్కేముందు పదిసార్లు ఆలోచించేవారు. 'ఖటక్' అన్న ప్రకటనతో 1980 దశకంలో హాట్‌షాట్ వచ్చి ఆ బెరుకు కొంత పోగొట్టింది గాని రీలు ఖర్చు మాత్రం పోలేదు.

ఫిల్ము లేని కెమెరా అప్పటికే పుట్టి ఉంది. అమెరికాలో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ శాసన్ దానిని 1975లో తయారుచేశారు. బరువు మూడున్నర కిలోలకు పైమాటే. ఒక్కో బొమ్మను క్యాసెట్ టేపు మీదకు ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. బొమ్మలో ఉన్న చుక్కలు మొత్తం పదివేలు. ఇప్పుడు సాదా ఫోనులో కూడా ఐదు కోట్ల చుక్కలని అట్టపెట్టె మీదే రాసి ఉంటుంది. దానిని పుట్టించిన కొడాకే 2012 జనవరిలో దివాలా రక్షణ కోరి కోర్టుకెక్కింది.

ఆ తరువాతి వంతు డిజిటల్ కెమెరాలది. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల్లో 2010లో కంపెనీలు పంపిన కెమెరాలు 12 కోట్ల పైచిలుకు. 2023లో 77 లక్షలు. ఆ దెబ్బకు మాయమైనవి చాలావరకు పెళ్లిళ్లకు, విహారయాత్రలకు పట్టుకెళ్లే అరచేతి కెమెరాలు. ఫోను మింగింది వాటినే. లెన్సు మార్చుకునే పెద్ద కెమెరాలు చిక్కిపోయాయి గాని చావలేదు. 2024లో మొత్తం లెక్క కాస్త పెరిగి సుమారు 85 లక్షలకు చేరింది కూడా.

గంగాళం, చెంబు

అసలు తేడా మెగాపిక్సెళ్లలో లేదు. వాన పడుతున్నప్పుడు ముంగిట్లో గంగాళం ఒకటి, చెంబు ఒకటి పెడితే ఎందులో ఎక్కువ నీళ్లు చేరతాయో చెప్పనక్కరలేదు. కెమెరాలో వెలుతురు పట్టే పలకను సెన్సారంటారు. పెద్ద కెమెరాల్లోని ఫుల్‌ఫ్రేమ్ సెన్సారు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. ఖరీదైన ఫోన్లలో మహా గొప్పగా చెప్పుకునే 'ఒక అంగుళం' సెన్సారు 13.2 పొడవు, 8.8 వెడల్పు, అంటే 116 చదరపు మిల్లీమీటర్లు. ఏడో వంతుకు కాస్త తక్కువ. (అందులో ఏ కొలతా అంగుళం లేదు. పాత టీవీ కెమెరా గొట్టాల కాలం నుంచి వచ్చిన లెక్క అది. వ్యాపారులు దానిని వదలరు.) మామూలు ఫోన్లలో ఉండేది ఇంకా చిన్నది.

పెద్ద సెన్సారు ఉన్నా చాలదు. పక్షుల విషయంలో లెన్సు పొడవే ప్రాణం. ఫోను ప్రధాన లెన్సు ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 24 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మంచి ఫోనులో దూరపు లెన్సు మరొకటి ఉంటే 70 నుంచి 120 వరకు లాగుతుంది. పక్షుల ఫొటోలవారు వాడేది 400, 600 మిల్లీమీటర్ల లెన్సులు. తెర మీద రెండు వేళ్లు పెట్టి ఇంకా దగ్గరకు లాగితే ఫోను పక్షిని దగ్గరకు తీసుకురాదు. పడిన బొమ్మలోంచి ముక్క కత్తిరించి, ఉబ్బించి చూపిస్తుంది. ఈకలు ఉండవలసిన చోట సున్నం పూసినట్టు నునుపు వచ్చేది అందుకే.

ఫోను తెలివి అక్కడితో ఆగదు. లేనిదానిని ఊహించి పూరిస్తుంది కూడా. 2023 మార్చిలో ఒకరు మసకగా చేసిన చంద్రుడి బొమ్మను కంప్యూటర్ తెర మీద పెట్టి శామ్‌సంగ్ ఫోనుతో తీస్తే, బొమ్మలో లేని గుంతలూ మచ్చలూ ఫొటోలో వచ్చాయి. చంద్రుడిని గుర్తుపట్టి వివరాలకు మెరుగుపెట్టే ఏర్పాటు తమ ఫోనులో ఉందని కంపెనీ వివరణ ఇచ్చుకుంది. చంద్రుడంటే ఎప్పుడూ ఒకే ముఖం. గూడబాతు అలా కాదు. దాని ముక్కు మీది మచ్చలు కెమెరా చూసినవా, ఫోను ఊహించినవా అన్న అనుమానం వస్తే ఆ ఫొటో పక్షుల లెక్క రాసుకునేవారికి పనికిరాదు.

రథోత్సవంలో రాజు ఫోనే

అలాగని ఫోనును తీసిపారేయడం కెమెరావారి గర్వమే. రాత్రి రథోత్సవంలో దివిటీల వెలుగు ఒకవైపు, చీకటి మరొకవైపు ఉంటే పెద్ద కెమెరాతో తీసినవారు ఇంటికి వెళ్లి కంప్యూటర్ ముందు గంట కూర్చోవాలి. ఫోను ఒక్క నొక్కుకు వరసగా అనేక బొమ్మలు తీసి, వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి, వెలుగునూ చీకటినీ సరిచేసి క్షణంలో చేతిలో పెడుతుంది. గూగుల్ 2018లో తెచ్చిన రాత్రి ఫొటోల పద్ధతి ఇటువంటిదే. ఇప్పుడది దాదాపు ప్రతి కంపెనీ ఫోనులోనూ ఉంది. అయితే పేర్చడానికి ఎదుటిది కదలకుండా ఉండాలి. గోపురం నిలబడుతుంది. రెక్క విదిల్చే కొంగ నిలబడదు. ఎగిరే పక్షికి సెకనులో రెండువేలవ వంతు సమయం కావాలి. అంత తక్కువలో పెసరగింజంత లెన్సు ఎంత వెలుతురని తాగుతుంది?

మనుషుల ఫొటోలకు ఫోను మరో మేలు చేస్తుంది. పులికాట్ ఒడ్డున వలలు బాగుచేసుకునే జాలర్ల ముందు పెద్ద కెమెరా ఎత్తితే పని ఆపి బిగుసుకుపోతారు. 'ఏ పేపరు బాబూ?' అని అడుగుతారు. ఫోను ఎత్తితే ఎవరూ పట్టించుకోరు. చేతుల కదలిక సహజంగా పడుతుంది. వల, పడవ, ఉప్పునీటి మీద సాయంత్రపు ఎండ... వీటికి లక్ష రూపాయల లెన్సు అవసరం లేదు.

నాలుగడుగులు ముందుకేస్తే

ఫోనుతో వచ్చే చిక్కు పక్షులకే ఎక్కువ. లెన్సు దగ్గరకు లాగనప్పుడు మనిషే దగ్గరకు నడుస్తాడు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా పోతుంది. నీరున్న ఏడాది ఫ్లెమింగోలు రోడ్డు మీదికే కనిపిస్తాయి. ముక్కు తలకిందులుగా నీటిలో ముంచి బురదలోని సన్న జీవాలను వడగట్టుకు తినే పక్షి అది. బండి దిగి నాలుగడుగులు ముందుకేస్తే తల ఎత్తుతుంది. మరో నాలుగడుగులకు గుంపంతా నీటిమీద పరుగెత్తి లేస్తుంది. ఆ పరుగుకు అది అంతవరకు తిన్నదే ఖర్చు. పైగా ఎగిరిపోతున్న గుంపు వెనుకభాగం తప్ప ఫోనులో పడేదీ ఉండదు. కారు దిగకుండా అద్దం దించి తీస్తే పక్షులు అంతగా బెదరవని అనుభవం ఉన్నవారికి తెలుసు. బండిని అవి మనిషిగా లెక్కపెట్టవు.

నేలపట్టులో ఇది ఇంకా సున్నితమైన సంగతి. 1976 నుంచి అభయారణ్యమైన ఈ 458 హెక్టార్లలో పక్షులు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. తల్లి బెదిరి లేస్తే గూట్లోని గుడ్లకు ఎండ, కాకి రెండూ శత్రువులే. గుడ్లను, గూళ్లను కదిలించడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట కిందే లెక్కగడుతుంది. 2001లో మొదలై, కొన్నేళ్లు ఆగి, 2025 జనవరిలో మళ్లీ జరిగిన ఫ్లెమింగో పండుగ వంటి రోజుల్లో జనం వేలల్లో వస్తారు గనుక ఈ నాలుగడుగుల లెక్క మరీ ముఖ్యం.

కొనేముందు

కొత్త కెమెరా, దానితో వచ్చే చిన్న లెన్సు కలిపి యాభై వేలు దాటుతాయి. పక్షులకు ఆ చిన్న లెన్సు పనికిరాదు. 600 దాకా లాగే లెన్సుకు మరో లక్ష చూసుకోవాలి. ఈ రెండో ఖర్చు సంగతి కొట్లో ముందుగా చెప్పరు. కొని, ఆరునెలలు వాడి, బీరువాలో పెట్టిన కెమెరాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

మధ్యేమార్గం లేకపోలేదు. లెన్సు ఊడని 'బ్రిడ్జి' కెమెరాలున్నాయి. నికాన్ 2018లో తెచ్చిన పి1000 అనేదాని లెన్సు ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 3000 మిల్లీమీటర్ల దాకా లాగుతుంది. తమాషా ఏమంటే దాని సెన్సారు నేటి మంచి ఫోను సెన్సారు కంటే చిన్నది. అయినా ఎండ బాగా ఉన్నప్పుడు ఫోనుకు అందని పక్షి దానికి అందుతుంది. పొద్దు వాలితే మాత్రం బొమ్మలో గరుకు తేలుతుంది. దుర్భిణి కంటికి ఫోనును బిగించి తీసేవారూ ఉన్నారు. చెయ్యి నిలకడ, ఓపిక ఉంటే తక్కువ ఖర్చులో కూర్చున్న పక్షి బాగానే పడుతుంది.

పాతవి కొనడం మరో దారి. కంపెనీలు అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్లడంతో అద్దమున్న డీఎస్ఎల్ఆర్‌లు సగం ధరకే దొరుకుతున్నాయి. నేలపట్టు పక్షికి ఆ తేడా తెలియదు. అయితే రెండు సంగతులు చూసుకోవాలి. షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో అడగాలి. చిన్న తరగతి కెమెరాల్లో లక్షసార్లు దాటితే అది ముసలిదన్నట్టే. రెండోది, లెన్సులోకి టార్చి వేసి చూడాలి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది బూజు. సముద్రగాలి తగిలే సూళ్లూరుపేట, తడ వంటి చోట్ల ఇది తొందరగా పడుతుంది. తోలుసంచిలో పెట్టి బీరువాలో దాచడమంటే బూజును పిలిచి పీట వేయడమే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో పెట్టి, వారానికోసారైనా బయటకు తీసి వాడాలి.

ఏది మేలో తేల్చుకోలేనివారు ఇప్పుడున్న ఫోను బొమ్మనే ఒకదాన్ని స్టూడియోలో అచ్చు వేయించి చూడవచ్చు. మామూలు 4×6 అంగుళాల కాగితానికి 22 లక్షల చుక్కలు చాలు. అందులో ఫోనుకూ కెమెరాకూ తేడా పట్టడం స్టూడియోవారికే కష్టం. గోడకు తగిలించే 12×18 అంగుళాల అచ్చుకు దాదాపు రెండు కోట్ల నాణ్యమైన చుక్కలు కావాలి. కొండ, చెరువు, జాతర బొమ్మలైతే ఫోనువి అంత కొలతలోనూ నిలబడతాయి. వేళ్లతో దగ్గరకు లాగి తీసిన గూడబాతు మాత్రం ఆ కాగితం మీద ఈకలు లేకుండానే వస్తుంది.