సర్ఫింగ్‌లో టేకాఫ్: అల అందే క్షణం – సాధనక్రమ పరిశీలన

1. ప్రస్తావన

హవాయి ద్వీపవాసుల సంస్కృతిలో శతాబ్దాలుగా వేళ్లూనుకున్న సర్ఫింగ్, 2021లో జరిగిన టోక్యో క్రీడలతో ఒలింపిక్ వేదికకు చేరింది. విశాఖపట్నం ఋషికొండ తీరంలోనూ ఈ సాధన కనిపిస్తున్నది. సర్ఫ్ బోర్డుపై, అంటే పలకపై, బోర్లా పడుకొని చేతులతో నీటిని వెనక్కి తోస్తూ, అలతో కలిసి సాగి, ఒక్క ఊపున లేచి నిలబడడాన్ని టేకాఫ్ అంటారు. కొత్తగా నేర్చుకొనేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఆ తడబాటుకు కాళ్ల బలహీనతకంటె లేచే సమయాన్ని గుర్తించలేకపోవడమే ప్రధాన కారణమని వివరించడం ఈ వ్యాసోద్దేశం.

2. వేగాల మధ్య అంతరం

తీరానికి చేరువలో అల వేగం నీటి లోతుపై ఆధారపడుతుంది. గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి వర్గమూలం తీస్తే ఆ వేగం సుమారుగా తెలుస్తుంది. అల ఎత్తు నీటి లోతులో దాదాపు 0.78 వంతుకు చేరినప్పుడు అల విరుగుతుందన్నది స్థూల సూత్రం. ఈ లెక్కన మీటరు ఎత్తున్న అల సుమారు 1.3 మీటర్ల లోతులో విరుగుతుంది. అప్పుడు దాని వేగం సెకనుకు దాదాపు 3.5 మీటర్లు. కేవలం చేతి తోపుతో శిక్షణార్థి ఆ వేగాన్ని చేరలేడు. ఆ లోటును పూరించేది అల వాలు. పలక తోక పైకి లేచి, పలక వాలు వెంట జారడం మొదలైనప్పుడు గురుత్వాకర్షణ మిగిలిన వేగాన్ని సమకూరుస్తుంది.

జారుడు స్థిరపడకముందే లేస్తే తోపు ఆగిపోతుంది, బరువు వెనక్కి మళ్లుతుంది, అల పలక కిందుగా దాటిపోతుంది. మరీ ఆలస్యమైతే వాలు నిటారై పలక ముక్కు నీటిలో గుచ్చుకుంటుంది.

3. ‘అందు’ ధాతువు – బోధనలో ఉపయోగం

‘నేను అలను పట్టాను’ అన్నప్పుడు కర్త మనిషి. ‘నాకు అల అందింది’ అన్నప్పుడు కర్త అల. మనిషి ‘కు’ ప్రత్యయంతో నిలుస్తాడు. టేకాఫ్‌లో జరిగేదానికి రెండవ వాక్యమే దగ్గరగా ఉంది. కాబట్టి శిక్షకుడు ‘లే’ అని తొందరపెట్టడంకంటె ‘అందిందా?’ అని అడగడం మేలు. ఆ ప్రశ్న శిక్షణార్థి దృష్టిని కాళ్లపైనుంచి పలక కదలికపైకి మళ్లిస్తుంది.

4. సాధనక్రమం

మొదట, పలక ముక్కు నీటికి కొద్దిగా పైన ఉండేలా పడుకోవాలి. రెండవది, అల దగ్గరకు రాకముందే తోపు మొదలుపెట్టాలి. మూడవది, జారుడు తెలిసిన తరువాత కూడా మరి రెండు తోపులు వేయాలి. నాలుగవది, పలక అంచులు పట్టుకోకుండా అరచేతులను ఛాతీ పక్కన ఆనించి, ఛాతీనెత్తి, పాదాలను ఒక్కసారిగా శరీరం కిందికి తేవాలి. చివరగా, మోకాళ్లు వంచి చూపును ముందుకు నిలపాలి. పాదాలవైపు చూస్తే తల వాలి తూకం తప్పుతుంది. పైకి లేచే కదలికను ముందుగా ఇసుకపై సాధన చేసి, తరువాత విరిగిన అలల నురుగులో ప్రయత్నించడం క్షేమం.

పడిపోవడాన్నీ నేర్పాలి. నడుములోతు నీటిలో తలకిందులుగా దూకితే మెడకు తీవ్రమైన గాయం కావచ్చు. వెల్లకిలా పడి, చేతులతో తలను కాచుకొంటూ పైకి రావాలి.

5. ముగింపు

టేకాఫ్‌లో లేవడం చివరి దశ మాత్రమే. అల అందిన సంగతిని శరీరం గుర్తించడమే అసలు విద్య. ఆ గుర్తింపును సూచించే క్రియ తెలుగులో సహజంగానే ఉన్నందున, తీరప్రాంత శిక్షణలో దానిని వినియోగించడం ప్రయోజనకరం.