కొక్కెర తెగులే అనుకోవద్దు

తెల్లారేసరికి దొడ్లో రెండు కోళ్లు చచ్చిపడి ఉన్నాయి. మూడోది మెడ వాల్చేసి గోడ మూలన కూర్చుంది. మీరైతే ఏం చేస్తారు? కొల్లేటి లంకల్లోనైనా, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఊళ్లలోనైనా చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. ‘కొక్కెర తెగులు తగిలినట్టుంది’ అనుకుంటారు. చచ్చినవాటిని కాళ్లు పట్టుకుని తీసుకెళ్లి కాలవలోకి విసిరేస్తారు. మూడోదాన్ని చావకముందే కోసి కూర వండేస్తారు. నాటుకోడి ఖరీదు తక్కువేం కాదు కాబట్టి, కొంతైనా కలిసొస్తుందని ఆశ. ఈ మొత్తంలో మీ ఒంటికి ఎక్కువ ముప్పు తెచ్చే పని ఏదో తెలుసా? బాగా ఉడికిన ఆ కూర తినడం కాదు. ఆ కోడిని కోయడం, ఈకలు పీకడం.

2025 ఫిబ్రవరి గుర్తుండే ఉంటుంది. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల్లో కోళ్లు కుప్పలుగా చచ్చిపోయాయి. భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు నమూనాలు పంపితే బర్డ్ ఫ్లూ అని తేలింది. శాస్త్రీయంగా దాని పేరు హెచ్‌5ఎన్‌1. కొద్ది రోజులకే ఏలూరు జిల్లా ఉంగుటూరు మండలం బాదంపూడిలోనూ అదే బయటపడింది. ఫారం చుట్టూ కిలోమీటరు మేర కోళ్లను చంపి పూడ్చడం, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టడం, ఇదంతా మన కళ్ల ముందే జరిగింది. ఆ నెలలో చికెన్ దుకాణాలు వెలవెలబోయాయి. వండిన కోడిని చూసి జనం భయపడ్డారు. చచ్చిన కోడిని చూసి మాత్రం అంతగా భయపడలేదు. నిజానికి భయం అటు ఉండాల్సింది.

జింకల వీడియో చూశారా?

ఆమధ్య ఫోన్లలో తిరిగింది. బక్కచిక్కి, చొంగ కారుస్తూ, తూలుతూ నడిచే అమెరికా జింకల వీడియో. ‘జాంబీ జింకలు’ అని పేరు పెట్టి మరీ పంపుకున్నారు. అది క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు. 1967లో కొలరాడోలో మొదటిసారి గమనించారు. ఇప్పుడు అమెరికాలో ముప్పైకి పైగా రాష్ట్రాల్లో ఉంది. కెనడా, నార్వే, దక్షిణ కొరియాల్లోనూ కనబడింది. దానికి కారణం వైరస్ కాదు, బాక్టీరియా కాదు, ప్రయాన్ అనే వంకర తిరిగిన ప్రొటీన్. వండినా పోదు, మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది. ఒక జింక చొంగ, మూత్రం, కళేబరం నుంచి ఇంకో జింకకు అంటుకుంటుంది. సోకినదేదీ బతకదు. అయితే మనుషులకు వచ్చినట్టు ఇప్పటిదాకా రుజువు లేదు. మన దేశంలో ఈ జబ్బు నమోదు కాలేదు కూడా. కాబట్టి మన జింకల గురించి ఆ బెంగ పెట్టుకోనక్కర్లేదు.

మన ఇంటి ముందుకొచ్చిన జబ్బు దీనికి పూర్తిగా తలకిందులు. బర్డ్ ఫ్లూ వైరస్ 70 డిగ్రీల వేడికి చస్తుంది, సబ్బుకు చస్తుంది, బ్లీచింగ్ పౌడర్‌కు చస్తుంది. కానీ మనుషుల ప్రాణం తీయగలదు. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పసిపాప మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. కారణం హెచ్‌5ఎన్‌1 అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించింది. కూరకు కోస్తుండగా పాప పచ్చి మాంసం ముక్క నోట్లో పెట్టుకుందని ఇంట్లోవాళ్లు చెప్పారు.

జంతువులనూ ఇది వదలడం లేదు. 2024 డిసెంబరు చివర్లో నాగపూర్‌లోని గోరేవాడ రక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత దీనితోనే చనిపోయాయి. పిల్లి జాతికి ఇది బాగా ప్రాణాంతకం. మీ ఇంటి పిల్లికి చికెన్ దుకాణం నుంచి పచ్చి పేగులు తెచ్చి వేసే అలవాటుంటే మానేయండి.

కొల్లేరు సంగతి

జబ్బు రాగానే అందరూ వలస పక్షుల వైపే వేలు చూపించారు. అందులో కొంత నిజం ఉంది. అడవి బాతులు ఒంట్లో వైరస్ పెట్టుకుని, పెద్దగా జబ్బు పడకుండానే వేల మైళ్లు ఎగరగలవు. వాటి రెట్టలో వైరస్ ఉంటుంది. చల్లటి నీటిలో అది వారాల పాటు బతుకుతుంది. మనకు జబ్బు ఎక్కువగా చలికాలంలో కనబడడానికి ఇదొక కారణం. కానీ ఆ పక్షులూ దీనికి బలవుతాయి. 2020 డిసెంబరు, 2021 జనవరిల్లో హిమాచల్‌లోని పాంగ్ డ్యామ్ జలాశయం దగ్గర వలస పక్షులు వేలల్లో చనిపోయాయి. వాటిలో ఎక్కువ భాగం తల మీద నల్ల చారలుండే అడవి బాతులే.

308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం మన కొల్లేరు. ఆటపాకలో గూడబాతులు ఒక్కో చెట్టు మీద, ఒక్కో స్టాండు మీద ఎంత కిక్కిరిసి పిల్లల్ని పెంచుతాయో చూసినవాళ్లకు తెలుసు. అంత రద్దీలో అంటుజబ్బు పడితే ఆపడం ఎవరి తరం? ఇప్పుడు ఆలోచించండి. కాలవలో విసిరిన చచ్చిన కోడి ఎక్కడికి వెళ్తుంది? దాన్ని కాకులు, గద్దలు, కుక్కలు పీక్కుతింటాయి. మిగిలింది పల్లానికి, అంటే కొల్లేటి వైపుకే చేరుతుంది. ఇక చేపల చెరువుల్లో మేతగా కోడి వ్యర్థాలు పోయడం మనకు కొత్త కాదు. వద్దని అధికారులు ఎన్నిసార్లు చెప్పినా రాత్రిపూట లారీలు, ఆటోలు వస్తూనే ఉన్నాయి. ఆ చెరువు గట్ల మీదే కొంగలు వాలతాయి. పక్షుల నుంచి ఫారానికే కాదు, ఫారం నుంచి పక్షులకూ దారి ఉంది, ఆ దారి వేసింది మనమే.

కొల్లేట్లో చచ్చిన ప్రతి పక్షీ బర్డ్ ఫ్లూతోనే చచ్చిందని కాదు. పురుగుమందు నీళ్లు, కరెంటు తీగలు, వలలు కూడా చంపుతాయి. ఏదన్నది ల్యాబులో తేలాల్సిందే. అందాకా ముట్టుకోకుండా అటవీ శాఖవారికి చెప్పండి. చాటుగా అమ్మే పరజ పిట్టల జోలికి పోకండి. వాటిని వేటాడటం నేరం, అది సరే. ఎక్కడ పట్టారో, బతికున్నదాన్ని పట్టారో లేదో తెలియని పిట్టను మీ వంటింట్లో ఈకలు పీకడం మీకే చేటు.

ఎలా గుర్తుపట్టాలి?

కొక్కెర తెగులుకీ దీనికీ పైకి తేడా చెప్పడం పశువైద్యులకే కష్టం. ఉన్నట్టుండి వరసగా చావడం, తురాయి నీలంగా మారడం, తల, కళ్ల చుట్టూ వాపు, పచ్చటి పారుడు, మెడ తిరిగిపోవడం రెంటిలోనూ కనబడొచ్చు. అందుకే మీరు తేల్చుకోవద్దు. 1962కు ఫోన్ చేయండి, లేదా ఊళ్లోని పశువుల ఆసుపత్రికి చెప్పండి. చెబితే ఉన్న కోళ్లన్నీ చంపేస్తారని భయం ఉంటుంది, అర్థం చేసుకోగలం. కానీ ప్రభుత్వం పరిహారం ఇచ్చేది శాఖవాళ్లు చంపించిన కోళ్లకే. ముందే చచ్చిపోయినవాటికి రాదు. దాచిన ప్రతి రోజూ మీకే నష్టం.

ముట్టుకోక తప్పకపోతే ముక్కు, నోరు కప్పుకోండి. చేతికి గ్లౌజులు, లేదంటే కనీసం ప్లాస్టిక్ సంచి తొడుక్కోండి. తర్వాత సబ్బుతో చేతులు, చెప్పులు కడగండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పందెం కోళ్లు పెంచేవాళ్లకు ఇంకో మాట. బరిలో దెబ్బ తిన్న పుంజు ముక్కులోంచి నోటితో రక్తం పీల్చడం, దాన్ని ఒళ్లో పెట్టుకుని పడుకోవడం కొందరికి అలవాటు. ఎంత ముద్దుగా పెంచినా సరే, ఆ పని వద్దు.

చికెన్ తినడం మానాల్సిన పని లేదు. మాంసాన్ని కుళాయి కింద చిందేలా కడగకండి. కోసిన కత్తి, పీట కడిగాకే కూరగాయలకు వాడండి. లోపల ఎర్రదనం పోయేదాకా ఉడికించండి. హాఫ్ బాయిల్, పచ్చి గుడ్డు వద్దు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా వైరస్ చావదని గుర్తుంచుకోండి.

చచ్చిన కోళ్లను ముట్టుకున్న తర్వాత పది రోజుల లోపు జ్వరం, దగ్గు, గొంతు నొప్పి, కళ్ల ఎరుపు, ఆయాసం వస్తే మామూలు జలుబని మందుల షాపులో బిళ్లలు తెచ్చుకుని సరిపెట్టుకోకండి. ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ ‘జ్వరం వచ్చింది’ అని మాత్రమే చెబితే డాక్టరు డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు రాస్తారు, అది సహజం. ‘ఫలానా రోజు మా కోళ్లు చచ్చాయి, నేనే తీసి పారేశాను’ అని మీ అంతట మీరు చెప్పాలి. ఈ జబ్బుకు ఒసెల్టమివిర్ అనే మందు ఉంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేస్తేనే అది బాగా పనిచేస్తుంది.