కొన్ని బిందువుల చుట్టూ బిగిసే కంచె

బల్లపై అక్కడక్కడా మేకులు కొట్టి, అన్నిటినీ చుట్టేలా రబ్బరు బ్యాండును సాగదీసి వదిలితే అది బయటి మేకులను మాత్రమే తాకుతూ బిగుసుకుంటుంది. ఆ ఆకారమే ‘కాన్వెక్స్ హల్’, అంటే కుంభాకార కవచం.

మన కంటికి ఇది తేలికే. కంప్యూటరుకు మాత్రం బిందువుల నిరూపకాలే తెలుసు. దీనికి 1972లో రొనాల్డ్ గ్రాహం వేగవంతమైన పద్ధతిని ప్రచురించారు. నేడు వాడుకలో ఉన్న రూపంలో, అన్నిటికన్నా దిగువనున్న బిందువు నుంచి చూస్తూ మిగతావాటిని కోణాల క్రమంలో, గడియారపు ముల్లుకు ఎదురు దిశలో పేర్చుతారు. ఆ వరుసలో సాగుతున్నప్పుడు దారి ఎడమకు తిరిగితే సరే; కుడికి తిరిగితే మలుపు దగ్గరి బిందువు లోపలిదని తొలగిస్తారు. ఏ బిందువూ ఒకసారికి మించి తొలగదు. కాబట్టి ఎక్కువ శ్రమ వరుస పేర్చడంలోనే.

ఈ కవచానికి జీవుల మనుగడతోనూ సంబంధముంది. ఐయూసీఎన్ ‘రెడ్ లిస్ట్’ కోసం ఒక జీవి కనిపించిన చోట్లను ఇలాగే చుట్టి, దాని విస్తృతిని అంచనా వేస్తారు. అది 5,000 చదరపు కిలోమీటర్లకన్నా తక్కువై, క్షీణత వంటి మరికొన్ని షరతులకూ సరిపోతే ఆ జీవి అంతరించే ప్రమాదంలో ఉన్నట్టే. దూరాన పొరపాటుగా నమోదైన ఒక్క బిందువు చాలు, కవచం సాగి ఆ ముప్పు మరుగున పడటానికి. అందుకే లెక్క కన్నా ముందు నమోదులను సరిచూడటం ముఖ్యం.